డంపర్ ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ప్యాన్: ఆయిల్ లీకేజి, నిర్ధారణ, మరమ్మతు

నిర్వచనం, పరిధి

ఆటోమేటిక్ గేర్లతో నడిచే భారీ ట్రక్కుల్లో ట్రాన్స్‌మిషన్ పెట్టె అడుగున బోల్టులతో బిగించి ఉండే లోతు తక్కువ పాత్రను ట్రాన్స్‌మిషన్ ప్యాన్ అంటారు. వర్క్‌షాపుల్లో దీన్ని చాంబర్ అనీ సంప్ అనీ వ్యవహరిస్తారు. టార్క్ కన్వర్టర్‌కు, గేర్లు మార్చే క్లచ్‌లకు, బేరింగులకు కావలసిన ఆయిల్ ఇందులో నిలవ ఉంటుంది. పంపు ఇక్కడి నుంచే స్ట్రైనర్ గుండా ఆయిల్ పీల్చుకుంటుంది. పని ముగిసిన ఆయిల్ తిరిగి ఇక్కడికే జారుతుంది. ప్యాన్ అంచుకూ పెట్టెకూ మధ్య గాస్కెట్ ఉంటుంది. ఆ అంచు వెంట గానీ, డ్రెయిన్ ప్లగ్ దగ్గర గానీ, ప్యాన్ పగులు నుంచి గానీ ఆయిల్ బయటికి రావడమే ప్యాన్ లీకేజి.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని, సెంటినరీ కాలనీ పరిసరాల సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే డంపర్లు ఈ వ్యాసానికి ఆధారం. వ్యాసం మొత్తానికి మూలమైన విషయం ఒకటుంది. ప్యాన్‌లోని ఆయిల్‌కు ఒత్తిడి ఉండదు. పంపు దాటిన తర్వాత కాలువల్లో ఆయిల్ ఒత్తిడి పది బార్లకు పైగా పెరిగినా, ప్యాన్‌లో ఉన్నది మాత్రం బ్రీదర్ అనే గాలి రంధ్రం ద్వారా బయటి గాలితో సమానమైన ఒత్తిడిలో, చెంబులో నీళ్లలా నిలిచి ఉంటుంది. ఒత్తిడి లేని చోట మంచి గాస్కెట్‌కు ఓడిపోయే అవసరం లేదు. అయినా అక్కడ ఆయిల్ కారుతోందంటే గాస్కెట్‌ను ఓడించిన కారణం ఇంకేదో ఉండి ఉండాలి, లేదా కారుతున్న ఆయిల్ అసలు ప్యాన్‌ది కాకపోవచ్చు. ఆ కారణం పట్టుకోకుండా గాస్కెట్ మార్చడం సగం మరమ్మతే అవుతుంది. నిర్మాణం, లీకేజి కారణాలు, పరీక్ష, మరమ్మతు పద్ధతి అన్నీ ఈ నిర్ణయం వైపే చూపిస్తాయి.

చరిత్ర (చూ. సింగరేణి బొగ్గు గనులు; టార్క్ కన్వర్టర్)

ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్‌కు జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన దాన్ని మొదట ఓడల కోసం ఉద్దేశించాడు. కార్లలో పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది జనరల్ మోటార్స్. 1939లో వెలువడిన ఆ గేర్‌బాక్స్ పేరు హైడ్రామాటిక్. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 1915లో మొదలైన అలిసన్ సంస్థ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్యాంకులు, ట్రక్కులు, గనుల బళ్లకు సరిపోయే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్లలో పేరు తెచ్చుకుంది. ఈ సంస్థకు చెన్నై దగ్గర కూడా కర్మాగారం ఉంది. కాటర్‌పిల్లర్, కొమాట్సు సంస్థలు తమ డంపర్లకు తామే పవర్‌షిఫ్ట్ ట్రాన్స్‌మిషన్లు తయారు చేసుకుంటాయి. మన దేశంలో ఈ రంగంలో ముందు చెప్పుకోవలసింది 1964లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ బీఈఎంఎల్.

తెలంగాణలో ఈ యంత్రాల కథ బొగ్గుతో ముడిపడి ఉంది. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇప్పుడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. దశాబ్దాల పాటు ఇక్కడ బాయిపని అంటే భూగర్భంలో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తే చేతిపని, ఆ తర్వాత టబ్బులు, హాలేజీలు. 1975లో సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ పద్ధతి మొదలయ్యాక షావెళ్లు, డ్రిల్లులు, డోజర్లు, డంపర్లు వచ్చాయి. 2023-24లో సంస్థ ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది. అందులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్‌దే. బొగ్గు పైన ఉన్న మట్టి, రాతి పొరలను, అంటే ఓబీని, తీయనిదే బొగ్గు అందదు కాబట్టి ప్రతి టన్ను బొగ్గుకూ దానికి కొన్ని రెట్లు మట్టి మోయాలి. ఆ మోతలో ఎక్కువ భాగం చక్రాల మీదే సాగుతుంది. భూగర్భ గనుల కాలంలో ఫిట్టరు చేతికి తెలిసిన యంత్రాలు పంపులు, హాలేజీలు. ఓపెన్‌కాస్ట్ వచ్చాక టార్క్ కన్వర్టర్, క్లచ్ ప్యాక్, వాల్వ్ బాడీ కూడా వర్క్‌షాపు మాటలయ్యాయి.

రకాలు (చూ. డంపర్; ఆటోమేటెడ్ మాన్యువల్ గేర్‌బాక్స్)

బొగ్గు ప్రాంతంలో తిరిగే ప్రతి ట్రక్కుకూ ఇలాంటి ప్యాన్ ఉండదు. ఈ తేడా తెలియకపోతే నిర్ధారణ మొదట్లోనే తప్పుతుంది. కంపెనీ సొంత డంపర్లలో 35, 60, 100 టన్నుల తరగతుల మెకానికల్ డ్రైవ్ బళ్లకు టార్క్ కన్వర్టర్, దాని వెంట పవర్‌షిఫ్ట్ ట్రాన్స్‌మిషన్ ఉంటాయి. వీటిలోనూ అమరిక ఒకేలా ఉండదు. కొన్నింటిలో కన్వర్టర్, గేర్లు ఒకే పెట్టెలో ఉండి అడుగున విప్పదీసే ప్యాన్ ఉంటుంది. కాటర్‌పిల్లర్ 777 తరగతిలో కన్వర్టర్ ఇంజన్ వెనకే ఉంటే ట్రాన్స్‌మిషన్ వెనుక యాక్సిల్ దగ్గర విడిగా ఉంటుంది. అలాంటి బండిలో నేల మీద ఆయిల్ చుక్క ఎక్కడ పడిందన్నదే మొదటి ఆధారం. 150 టన్నులకు పైబడిన తరగతుల్లో ఎక్కువగా కనిపించే ఎలక్ట్రిక్ డ్రైవ్ డంపర్లలో ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది, చక్రాల్లోని మోటార్లు బండిని నడుపుతాయి. వాటికి ఈ ట్రాన్స్‌మిషనే లేదు.

ఓబీ తీసే కాంట్రాక్టు సంస్థల టిప్పర్ల సంగతి వేరు. చాలా టిప్పర్లకు మామూలు చేతి గేర్లు. కొన్ని విదేశీ రకాలకు క్లచ్‌నూ గేర్లనూ కంప్యూటరే మార్చే ఆటోమేటెడ్ మాన్యువల్ గేర్‌బాక్స్. డ్రైవరుకు రెండో కాలు పని ఉండదు కాబట్టి దీన్నీ ఆటోమేటిక్ అనేస్తారు. కానీ అందులో టార్క్ కన్వర్టర్ లేదు, ఆయిల్ అవసరం తక్కువ, వేడి తక్కువ. ఈ వ్యాసంలోని విషయం వాటికి వర్తించదు.

ప్యాన్‌లు ఒత్తి చేసిన ఉక్కు రేకువి, పోత అల్యూమినియంవి అని రెండు విధాలు. రేకు ప్యాన్ రాయి తగిలితే సొట్ట పడుతుంది, అల్యూమినియం ప్యాన్ పగులుతుంది. గాస్కెట్లలో బెండుతో చేసినవి, బెండు రబ్బరు కలిపినవి, నారకాగితపువి, ఉక్కు రేకు మీద రబ్బరు పూత వేసినవి, అచ్చు పోసిన సిలికాన్‌వి ఉన్నాయి. బెండు గాస్కెట్‌కు ఒక చిక్కు ఉంది. రామగుండం వేసవిలో స్టోరులో నెలల తరబడి ఉంటే అది ఎండి కుంచించుకుపోతుంది. కొత్తదే అయినా దాని రంధ్రాలు ప్యాన్ రంధ్రాలతో కలవవు. లాగి బిగిస్తే మూలల్లో చిరుగుతుంది. తయారీదారు ఆ ట్రాన్స్‌మిషన్‌కు ఏ రకం గాస్కెట్ చెప్పాడో అదే వేయాలి. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే మందం మారుతుంది, బిగింపు లెక్క తప్పుతుంది.

పనితీరు, లీకేజి కారణాలు (చూ. ఆయిల్ చిక్కదనం, బ్రీదర్)

కోల్ మైన్స్ రెగ్యులేషన్ల ప్రకారం హాల్ రోడ్డు వాలు సాధారణంగా 16కు 1 కన్నా నిటారుగా ఉండకూడదు. చిన్న ర్యాంపుల దగ్గర 10కి 1 వరకు అనుమతి ఉంది. గని అడుగు నుంచి నిండు లోడుతో డంపరు ఈ వాలు ఎక్కేటప్పుడు, లాకప్ క్లచ్ పట్టేదాకా టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ జారుడు వల్ల ఇంజన్ శక్తిలో కొంత భాగం వేడిగా మారుతుంది. ఆ వేడిని కూలర్ తీసేయాలి. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బయటి గాలే అంత వేడిగా ఉన్నప్పుడు, కూలర్ రెక్కల మధ్య బొగ్గు దుమ్ము మెత్తుకుపోయినప్పుడు ఆయిల్ చల్లబడే అవకాశం సన్నగిల్లుతుంది. చాలా ట్రాన్స్‌మిషన్లకు ఆయిల్ మట్టం చూడవలసిన వేడి సుమారు 70 నుంచి 93 డిగ్రీలు. దాన్ని బాగా దాటి ఎక్కువకాలం నడిస్తే ఆయిల్ నల్లబడుతుంది, రబ్బరు గట్టిపడుతుంది.

వేడి గాస్కెట్‌ను మూడు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. మొదటిది పలచదనం. సాధారణ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో 100 డిగ్రీల దగ్గర అందులో అయిదో వంతే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాటలేని సందులోంచి వేడెక్కాక దూరిపోతుంది. రెండోది వ్యాకోచం. ఖనిజ ఆయిల్ డిగ్రీకి దాదాపు 0.07 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 90కి చేరితే 4 శాతం పైనే. 60 లీటర్లు పట్టే ట్రాన్స్‌మిషన్‌లో అది రెండున్నర లీటర్లు. చల్లని బండిలో గేజి నిండుగా పోసిన ఆయిల్, పని మొదలయ్యాక మట్టం దాటిపోతుంది. మూడోది గాస్కెట్ సొంత వార్ధక్యం. రోజూ వేడెక్కి చల్లారే క్రమంలో అది కుదించుకుని సాగే గుణం పోగొట్టుకుంటుంది. బోల్టు తిరగకపోయినా బిగుతు తగ్గిపోతుంది. రాత్రంతా నిలబడిన బండి పొద్దున కారి, గంట నడిచాక ఆగిపోతే కారణం ఈ గట్టిపడడమే అనుకోవచ్చు. వేడెక్కాకే కారడం మొదలైతే పలచదనం, మట్టం, బ్రీదర్ వైపు చూడాలి.

బ్రీదర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే బొగ్గు గనుల్లో ఇదే ఎక్కువగా మరుగున పడే కారణం. ట్రాన్స్‌మిషన్ పైభాగంలో వేలెడంత టోపీ, దానిలో చిన్న రంధ్రం. లోపలి గాలి వేడికి పెరిగినప్పుడు బయటికి పోవడానికి అదే దారి. దాని మీద ఆయిల్ ఆవిరి, సన్నని బొగ్గు దుమ్ము, రోడ్డుకు చల్లిన నీళ్ల బురద కలిసి తారులా గట్టిపడితే దారి మూసుకుపోతుంది. అప్పుడు లోపలి గాలి బలహీనమైన చోటు వెతుకుతుంది. పెద్ద ఒత్తిడి అక్కర్లేదు. ప్యాన్ అంచు మీద కొద్దిపాటి ఒత్తిడి కూడా గంటల కొద్దీ నిలిస్తే ఆయిల్‌ను గాస్కెట్ దాటిస్తుంది. అలాంటి బండికి కొత్త గాస్కెట్ వేస్తే అదీ కొద్ది వారాల్లో తడుస్తుంది. ఫిట్టరు తన చేతిపనిని అనుమానించుకుంటాడు, స్టోరు వాళ్లు గాస్కెట్ నాణ్యతను అనుమానిస్తారు. తప్పు ఇద్దరిదీ కాదు.

ఎక్కువ పోసిన ఆయిల్ కూడా ఇలాగే పక్కదారి పట్టిస్తుంది. మట్టం పెరిగి తిరిగే గేర్లు ఆయిల్‌లో మునిగితే అది చిలికినట్టు నురుగవుతుంది. నురుగు బ్రీదర్ దాకా ఎక్కి బయటికి పొంగి, పెట్టె పక్కల వెంట జారి ప్యాన్ అంచు దగ్గర చుక్కలు కడుతుంది. కింద నిలబడి చూసినవారికి అది అచ్చం ప్యాన్ లీకేజే. అవుట్‌పుట్ షాఫ్ట్ సీలు, సెలెక్టర్ షాఫ్ట్ సీలు, కూలర్ పైపు యూనియన్, ఆయిల్ పోసే గొట్టం ఓరింగు, ఇంజన్ వెనుక సీలు, వీటిలో ఏది కారినా ఆయిల్ చేరేది అట్టడుగున ఉన్న ప్యాన్ అంచుకే. ఇక మానవ కారణం బోల్టుల బిగింపు. లీకేజి కనిపించగానే ఇంకో చుట్టు బిగించడం ఎక్కడైనా చేసే పని. రేకు ప్యాన్ విషయంలో అది హాని చేస్తుంది. ప్రతి బోల్టు చుట్టూ అంచు పైకి గుంటలా వంగి, రెండు బోల్టుల మధ్య భాగం పెట్టె నుంచి దూరమవుతుంది. ఎంత బిగిస్తే సందు అంత పెరుగుతుంది.

నిర్ధారణ

బొగ్గు గని డంపరు అడుగు భాగంలో ఏది తడో ఏది పాత మురికో కంటికి తెలియదు. ఆయిల్ మీద దుమ్ము, దుమ్ము మీద ఆయిల్ పొరలుపొరలుగా పేరుకుని ఉంటుంది. కింది రక్షణ పలక మీద ఈ ముద్ద మరీ ఎక్కువ. కాబట్టి పరీక్షకు మొదటి మెట్టు కడగడం. పలక విప్పి, ట్రాన్స్‌మిషన్ చుట్టూ శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. ప్రెషర్ నీటిని బ్రీదర్ మీదికి, సీళ్ల మీదికి, వైరింగు కనెక్టర్ల మీదికి కొట్టకూడదు. కొడితే లోపలికి నీరు చేరి కొత్త జబ్బు మొదలవుతుంది. ఆరిన అంచు మీద టాల్క్ పొడి గానీ సుద్దపొడి గానీ చల్లి, బండిని పని వేడికి తెచ్చి, పై నుంచి కిందికి లైటుతో చూడాలి. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన ఉన్నదే మూలం. బండి కదిలినప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది కాబట్టి ముందు భాగంలోని తడికి ప్రాధాన్యం ఇవ్వాలి. సందేహం తీరకపోతే ఆయిల్‌లో అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు కలిపి, ప్రత్యేక లైటుతో వెతకడం మేలు. ఆయిల్ రంగును బట్టి ఏ వ్యవస్థదో తేల్చడం నమ్మకమైన పద్ధతి కాదు. కార్ల ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎర్రగా ఉన్నా, భారీ యంత్రాల ట్రాన్స్‌మిషన్ ఆయిళ్లు చాలావరకు హైడ్రాలిక్ ఆయిల్ రంగులోనే ఉంటాయి.

లీకేజి తీవ్రతను కొలిచే పద్ధతి అమెరికా సైనిక వాహనాల నిర్వహణలో స్థిరపడింది. తడి మాత్రమే కనిపించి చుక్క కట్టకపోతే మొదటి తరగతి, చుక్క కట్టి రాలకపోతే రెండోది, పరీక్షలో ఉండగానే చుక్క రాలితే మూడోది. వర్క్‌షాపులో ఏ బండిని ఆపాలి, దేన్ని వచ్చే సర్వీసు దాకా నడపవచ్చు అని తేల్చడానికి ఈ విభజన ఎంతో ఉపయోగం. ఆపరేటరు లాగ్‌బుక్కులో ఆయిల్ లీకేజి అని రెండు ముక్కలు రాయడం కన్నా తరగతి, చోటు రాయడం ఫిట్టరుకు సగం పని తగ్గిస్తుంది.

మరమ్మతు (చూ. లాకౌట్, టార్క్ రెంచి)

100 టన్నుల తరగతి డంపరు టైరే మనిషిని మించిన ఎత్తు. దాని కింద పనికి ముందు బండిని చదును నేల మీద నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు రెండు వైపులా చాక్‌లు పెట్టాలి. ఇంజన్ ఆపి, బ్యాటరీ ఐసొలేటరు తీసి తాళం వేసి, ట్యాగు కట్టాలి. బాడీ లేపి ఉంచవలసి వస్తే సేఫ్టీ పిన్ను గానీ రోప్ స్లింగు గానీ లేకుండా కిందికి వెళ్లకూడదు. హైడ్రాలిక్ ఒత్తిడిని నమ్మి కింద దూరడం ప్రాణాలతో చెలగాటం.

ఆయిల్‌ను గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. పూర్తిగా చల్లారితే మడ్డి అడుగునే ఉండిపోతుంది. పని వేడిలోనే విప్పితే చర్మం కాలుతుంది. దించిన ఆయిల్‌ను కొలిచి రాసుకోవడం మరచిపోకూడదు. తక్కువ వచ్చిందా ఎక్కువ వచ్చిందా అన్నదే లీకేజి కారణానికి మొదటి సాక్ష్యం. ప్యాన్ దించేటప్పుడు ఒక మూల బోల్టులను సగం వదులు చేసి ఉంచి, మిగతావి తీస్తే అడుగున మిగిలిన ఆయిల్ ఒక పక్కకే వస్తుంది. స్క్రూడ్రైవరు దూర్చి ఎగదోస్తే అల్యూమినియం పెట్టె అంచు మీద గీత పడుతుంది. ఆ గీత ఇక శాశ్వతంగా ఆయిల్‌కు కాలువ.

ప్యాన్ అడుగున, అయస్కాంతం మీద కనిపించేది చదవడం ఈ పనిలో ముఖ్య ఘట్టం. బూడిదరంగు మెత్తని పేస్టు సహజమైన అరుగుదల. మెరిసే రేకులు, సూదుల్లాంటి ఉక్కు ముక్కలు బేరింగు గానీ గేరు గానీ పోతున్నదనడానికి గుర్తు. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆయిల్‌ను గుడ్డ మీద వడగట్టి చూడాలి. కాలిన వాసన, నల్లని ఫ్రిక్షన్ పొడి క్లచ్ ప్లేట్లు జారినట్టు చెబుతాయి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి, ముందు కూలర్‌ను అనుమానించాలి. ఇవేమీ లేకపోతే ట్రాన్స్‌మిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టే, ప్యాన్ పనితో ముగించవచ్చు.

అంచు మీద పాత గాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ గీకుడుతో తీసి, ప్యాన్ అంచు మీద స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి ఫీలర్ గేజితో చూడాలి. బోల్టు రంధ్రాల చుట్టూ వంగిన రేకును కర్రదిమ్మె మీద పెట్టి మెల్లగా కొట్టి సమం చేయవచ్చు. పోత ప్యాన్‌ను అలా కొట్టకూడదు. వంకర ఉన్నా పగులు ఉన్నా మార్చడమే. బోల్టు రంధ్రాల్లోని ఆయిల్‌ను గాలితో ఊది తుడవాలి. అడుగు మూసిన రంధ్రంలో ఆయిల్ నిలిస్తే బోల్టు బిగిసినట్టే రెంచికి అనిపిస్తుంది గానీ అది ఆయిల్‌ను నొక్కి ఆగినదే, ప్యాన్‌ను పట్టి కాదు. పెట్టె లోపలికి తెరుచుకునే రంధ్రాలకు మరల వెంట ఆయిల్ ఎక్కి వస్తుంది. వాటికి థ్రెడ్ సీలెంట్ వేయాలి. మరలు చెడిన చోట ఇన్సర్టు వేయించడమే సరైన దారి.

కొత్త గాస్కెట్‌ను, తయారీదారు ప్రత్యేకంగా చెబితే తప్ప, పొడిగానే వేయాలి. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, మధ్య నుంచి చివరలకు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించాలి. స్ట్రైనర్, డ్రెయిన్ ప్లగ్ వాషరు కొత్తవి వేయాలి. బ్రీదర్‌ను విప్పి కడిగి, ఊదితే గాలి దాటుతోందని చూసి బిగించడం ఈ జాబితాలో చివర వస్తుంది గానీ ప్రాధాన్యంలో చివరిది కాదు. ఆయిల్‌ను మాన్యువల్ చెప్పిన గ్రేడుదే పోసి, ఇంజన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో, పని వేడికి వచ్చాక, చదును నేల మీద మట్టం చూడాలి. ఒక షిఫ్టు నడిచాక అంచును మళ్లీ చూడాలి. బెండు గాస్కెట్ అయితే చల్లారాక బిగుతు మరోసారి పరీక్షించడం ఆచారం. బోల్టు రంధ్రాల్లో ఉక్కు గొట్టాలు పొదిగిన రబ్బరు గాస్కెట్‌కు ఆ అవసరం లేదు.

అభ్యంతరాలు

ఈ పద్ధతికి మొదటి అభ్యంతరం ఉత్పత్తి. పక్కనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం రోజూ బొగ్గు అడుగుతుంటే, చిన్న లీకేజికి డంపరును ఒక షిఫ్టు ఆపడం కన్నా రోజూ కొంత ఆయిల్ పోస్తూ నడపడం లాభం కాదా అన్నది న్యాయమైన ప్రశ్నే. మొదటి తరగతి తడి విషయంలో ఈ వాదన నిలుస్తుంది. దాన్ని ప్రణాళిక ప్రకారం వచ్చే సర్వీసు రోజున చూస్తే సరిపోతుంది. మూడో తరగతికి నిలవదు. నిమిషానికి ఇరవై చుక్కలు రాలితే అది దాదాపు ఒక మిల్లీలీటరు. ఎనిమిది గంటల షిఫ్టుకు అర లీటరు, మూడు షిఫ్టులు నడిచే బండికి రోజుకు లీటరున్నర దగ్గర. ఒక్క షిఫ్టులో పోయడం మరచిపోతే ఏమీ కాదు. రోజుల తరబడి మరచిపోయి, ఆ తర్వాత బండి ర్యాంపు ఎక్కుతుంటే ఆయిల్ వెనక్కి వాలి స్ట్రైనర్ నోరు తేలుతుంది. పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, నిండు లోడు మీద క్లచ్‌లు జారి కాలుతాయి. గాస్కెట్ ఖర్చుతో పోయేది ఓవర్‌హాల్‌కు చేరుతుంది. ఒక షిఫ్టు ఆగవలసిన బండి వారాల తరబడి బేస్ వర్క్‌షాపులో నిలబడుతుంది. ఉత్పత్తి లెక్కే ప్రమాణమైనా ఆ లెక్క మరమ్మతు పక్షానే తేలుతుంది.

రెండో అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది. గాస్కెట్ మీద అనబాండ్ వంటి సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే ఏ లీకేజైనా ఆగుతుంది కదా అని. ఆగుతుంది, కొన్నాళ్లు. గాస్కెట్‌కు రెండు వైపులా పేస్టు ఉంటే బిగించేటప్పుడు అది జారి పక్కకు పొడుచుకు వస్తుంది. లోపలి వైపు పొంగిన పేస్టు దారం గట్టిపడి, విడివడి, స్ట్రైనర్‌కూ వాల్వ్ బాడీలోని సన్నని దారులకూ చేరుతుంది. అప్పుడు గేరు ఆలస్యంగా పడటం మొదలవుతుంది, ఎవరూ దాన్ని ప్యాన్ పనితో ముడిపెట్టి ఆలోచించరు. గాస్కెట్ లేకుండా సిలికాన్‌తోనే అతికించమని తయారీదారు చెప్పిన ప్యాన్‌లూ ఉన్నాయి. అక్కడ అదే సరైన పద్ధతి. రెండూ కలపడమే తప్పు. లీకేజి ఆపే ద్రవాలు ఆయిల్‌లో కలపడం గురించీ ఇదే మాట. అవి రబ్బరును ఉబ్బిస్తాయి. షాఫ్ట్ సీలుకు తాత్కాలికంగా మేలు చేయవచ్చు గానీ వంగిన రేకు అంచును తిన్నగా చేయలేవు.

మూడో అభ్యంతరం ఎదుటి కొసన ఉంటుంది. ఇన్ని కారణాలు వెతికే బదులు ట్రాన్స్‌మిషన్ దించి పూర్తిగా ఓవర్‌హాల్ చేస్తే శాశ్వత పరిష్కారం కదా అని. ప్యాన్ అడుగున లోహపు రేకులు దొరికినప్పుడు ఈ మాట నిజం. లేనప్పుడు బాగున్న బేరింగులను, క్లచ్‌లను గని దుమ్ములో విప్పి కలపడమే కొత్త ప్రమాదం. ప్యాన్ విప్పిన ప్రతిసారీ లోపలిది చదివే అవకాశం వస్తుంది. ఆ సాక్ష్యమే ఓవర్‌హాల్ అవసరమా కాదా చెప్పాలి.

భద్రత, చట్టం, పర్యావరణం (చూ. గనుల చట్టం; గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్)

ప్యాన్ లీకేజిని అగ్నిప్రమాదంతో సమానం చేయడం అతిశయోక్తి. ఒత్తిడిలో ఉన్న గొట్టం పగిలి టర్బో మీద ఆయిల్ చిమ్మడం వేరు, అడుగున చుక్కలు రాలడం వేరు. కానీ రక్షణ పలక మీద ఆయిలూ బొగ్గు దుమ్మూ కలిసిన ముద్ద పేరుకుంటే ఎక్కడో పుట్టిన నిప్పుకు అది మేత అవుతుంది. ఇంజన్ ఎగ్జాస్టు భాగాలు వందల డిగ్రీల వేడిలో ఉండే బండిలో పలకను శుభ్రంగా ఉంచడం కూడా మరమ్మతులో భాగమే. గనుల్లో యంత్రాల నిర్వహణకు 2017 కోల్ మైన్స్ రెగ్యులేషన్లు వర్తిస్తాయి; వాటికి మూలమైన 1952 గనుల చట్టం 2025 దాకా అమలులో ఉంది. పర్యవేక్షణ ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌ది.

దించిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని పీపాల్లో భద్రపరచి అనుమతి ఉన్న పునఃశుద్ధి సంస్థలకే ఇవ్వాలి. హాల్ రోడ్డు దుమ్ము అణచడానికి చల్లడం, నేల మీద ఒలకబోయడం నిషిద్ధం. గని నీళ్లు, వర్క్‌షాపు కడుగునీళ్లు చివరికి చేరేది వాగుల గుండా గోదావరికే కాబట్టి కడుగునీళ్లు ఆయిల్ ట్రాపు దాటాకే బయటికి వెళ్లాలి.

నమోదు

మరమ్మతు తేదీ, గంటల మీటరు అంకె, దించిన ఆయిల్, పోసిన ఆయిల్, అయస్కాంతం మీద కనిపించినది, వేసిన గాస్కెట్ రకం, బ్రీదర్ పరిస్థితి బండి చరిత్ర పుస్తకంలో రాసి ఉంచాలి. తదుపరి సర్వీసు లోపే అదే అంచు మళ్లీ తడిస్తే మూడో గాస్కెట్ కోసం స్టోరుకు ఇండెంటు పెట్టే ముందు ఆ పుస్తకం తెరిచి, బ్రీదర్, ఆయిల్ మట్టం, అంచు సమతలం, ఈ మూడింటినీ తిరిగి పరీక్షించాలి.